నవ్వకుండా చెప్పేవాడు

తెలుగు పుస్తకాల షాపుకెళ్ళి కవిత్వం ఏ వైపుందంటే చూపిస్తారు, నవలలు ఏ వైపున్నాయంటే చూపిస్తారు. హాస్య వ్యాసాలంటే మాత్రం కాస్త ఆలోచించి జోకుల పుస్తకాల దగ్గరికి తీసుకెళతారు. అక్కడ డాక్టరూ రోగీ, మాస్టారూ కుర్రాడూ, మొగుడూ పెళ్ళామూ వరసగా నిలబడి ఉంటారు. పానుగంటివారి ‘సాక్షి’ ఇంకో మూల, పాత సాహిత్యం అరలో దుమ్ము కొట్టుకుని ఉంటుంది. ‘బుడుగు’ పిల్లల పుస్తకాల్లో, ‘బారిస్టర్ పార్వతీశం’ నవలల్లో, ‘అత్తగారి కథలు’ పేరులోనే కథలున్నాయి కాబట్టి కథల్లో.

షాపువాళ్ళను అనడానికేం లేదు. తెలుగులో హాస్య వ్యాసానికీ హాస్య కథకీ మధ్య సరిగ్గా గట్టు వేసినవాళ్ళు లేరు. మునిమాణిక్యం నరసింహారావు ‘కాంతం కథలు’ తెరిస్తే కాసేపు కథ, కాసేపు సంసారం మీద వ్యాఖ్యానం. భానుమతి తన అత్తగారి మీద రాసినవాటిలో చాలావాటికి కథ అని చెప్పుకోదగ్గ మలుపే ఉండదు; ఒక మనిషి స్వభావాన్ని అటు తిప్పి, ఇటు తిప్పి చూపిస్తారంతే. అందుకని ఆ గట్టును ఇక్కడ నేనూ పట్టించుకోను. ఈ పుస్తకాలన్నీ ఒకే అరలో పక్కపక్కన ఉండాలనేది నా వాదన. వీటన్నిటినీ నడిపించేది నవ్వకుండా చెప్పే ఒక మనిషి. ఆ మనిషిలో ఒక వంకర ఉంటుంది. అది తనకు కనపడదు, మనకు కనపడుతుంది. సరుకంతా అక్కడుంది.

జోకుకి ఈ మనిషి అక్కర్లేదు. ఎవరు చెప్పినా నడుస్తుంది, పేర్లు మార్చినా నడుస్తుంది. ఏది ఏదో తేల్చుకోవడం తేలికే. చదివినదాన్ని పక్కవాళ్ళకు మీ సొంత మాటల్లో చెప్పి చూడండి. వాళ్ళు నవ్వితే అది జోకు. రెండు వాక్యాలు చెప్పి, వాళ్ళు మొహం చూస్తుంటే, “అలా కాదు, ఉండు, పుస్తకం తెస్తా” అని మీరు లేస్తే అది హాస్య రచన.

మొక్కపాటి నరసింహశాస్త్రి ‘బారిస్టర్ పార్వతీశం’ మొదటి భాగం 1924 నాటిది. మొగల్తూరు కుర్రాడు బారిస్టరీ చదవడానికి సీమకు, అంటే ఇంగ్లండుకు, బయల్దేరతాడు. మద్రాసులో టోపీ కొనుక్కుంటాడు. అది ఆడవాళ్ళ టోపీ. ఇదే సంగతిని ‘ఒక పల్లెటూరి అమాయకుడు తెలియక ఆడవాళ్ళ టోపీ కొన్నాడు’ అని చెప్పండి, పెదవి కూడా కదలదు. పుస్తకంలో నవ్వొస్తుంది, ఎందుకంటే చెబుతున్నది పార్వతీశమే. అతనికి అది పొరపాటు కాదు, మంచి బేరం. పార్వతీశం తెలివితక్కువవాడని చాలామంది అనుకుంటారు, నేను ఒప్పుకోను. అతని తర్కం ఎక్కడా తప్పదు. టోపీ కొనేవాడు ఉన్నవాటిలో అందమైనది ఏరుకోవడంలో తప్పేముంది? మొగల్తూరులో సరిగ్గా నడిచిన బుద్ధినే అతను మద్రాసులోనూ, ఓడలోనూ, లండన్‌లోనూ వాడుతున్నాడు. బుద్ధి మారలేదు, ఊరు మారింది.

తర్వాతి రెండు భాగాలు మొదటిదాని ఎత్తుకు రాకపోవడానికి కారణం కూడా ఇందులోనే ఉంది. పార్వతీశం నేర్చేసుకున్నాడు. చదువుకున్నాడు, తిరిగొచ్చాడు, సంసారంలో పడ్డాడు. అతనికి లోకం తెలిసినకొద్దీ మనకు అతని కన్నా ఎక్కువ తెలిసిన విషయం తగ్గిపోయింది. కథ కోసం చదివేవాళ్ళు మూడు భాగాలూ చదవండి. నవ్వు కోసమైతే మూడూ ఒకసారి చదవడం కన్నా మొదటిది మూడుసార్లు చదవడం లాభం.

నేర్చుకోనివాడు కావాలంటే పిల్లవాణ్ణి పెట్టాలి. ముళ్ళపూడి వెంకటరమణ 1956లో ఆంధ్రపత్రిక వారపత్రికలో మొదలుపెట్టిన బుడుగు చేసే పని అదే. బుడుగును చాలామంది ‘అల్లరి పిల్లాడి కబుర్లు’ అనుకుని పిల్లలకు కొనిస్తారు. పిల్లలు బాపు బొమ్మలు చూసి పక్కన పెట్టేస్తారు, ఎందుకంటే బుడుగు చెప్పేది వాళ్ళకు నవ్వులాట కాదు, న్యాయం. పెద్దవాళ్ళకే అది నవ్వు. బుడుగు అమ్మానాన్నల్ని రాధ, గోపాళం అంటాడు, ఎందుకంటే ఇంట్లో వినపడే పేర్లు అవే. పక్కింటి లావుపాటి పిన్నిగారి ముగుడు అనే పెద్దమనిషి వచ్చిన ప్రతిసారీ ఆ బిరుదంతా తగిలిస్తాడు, కుదించడు. ఆయనకు సొంత పేరు లేదు, ఉద్యోగం లేదు. ఫలానా ఇంటి, ఫలానా లావు గల, ఫలానా పిన్నిగారికి ముగుడు కావడమే ఆయన ఉనికి. పిల్లవాడికి ఆయన అంతవరకే తెలుసు, కాబట్టి లోకంలో ఆయన అంతే. ఇంత వ్యంగ్యం ఒక్క పిలుపులో ఇమిడింది, చెప్పేవాడికేమో అందులో వ్యంగ్యమన్నదే తెలియదు.

ఇక్కడ ‘ముగుడు’ను ‘మొగుడు’ అని దిద్దబుద్ధేసే ప్రూఫ్ రీడర్లు ఉంటారు. అలా దిద్దితే పుస్తకం పాడవుతుంది. బుడుగు భాషలో అచ్చుతప్పుల్లా కనిపించేవన్నీ వాడి చెవికి వినపడిన రూపాలు. తెలుగు లిపిలో పలికినట్టే రాసే సౌకర్యం ఉండబట్టే ఇది కుదిరింది. ఇంకో భాషలోకి మారిస్తే మొదట పోయేదీ అదే.

నవ్వకుండా చెప్పేవాళ్ళలో ఇంకో రకం ఉంది: తాము ఓడిపోయామని తెలిసీ మర్యాదగా చెప్పేవాళ్ళు. కాంతం భర్త అలాంటివాడు. పెళ్ళాల మీద జోకులన్నిటికీ మునిమాణిక్యాన్ని తాతను చేస్తుంటారు గానీ అది అన్యాయం. ఆ జోకుల్లో పెళ్ళాం గయ్యాళి, మొగుడు బాధితుడు, చదివేవాడు మొగుడి పక్షం. కాంతం కథల్లో వాదన మొదలుపెట్టేది భర్త పంతులుగారు, గెలిచేది కాంతం. చదివేవాడు కాంతం పక్షం. మొగుడు తన ఓటమిని తానే, కాస్త ముచ్చటపడుతూ రాసుకుంటాడు.

భానుమతి సంగతి ఇంకా గట్టిది. బయట ఆవిడ సినిమా తార, దర్శకురాలు, గాయని, మద్రాసులో భరణీ స్టూడియో యజమానురాలు. ‘అత్తగారి కథలు’లో ఇవేవీ పనికిరావు. మడి, ఆచారం, వంటిల్లు, పాడి, అన్నీ అత్తగారి రాజ్యం. రాసే కోడలు అందులో ఒక చిన్న ఉద్యోగి. కోడలు అత్తగారి మీద ఫిర్యాదు చేసి ఉంటే అది ఇంటింటి గోల అయ్యేది. ఫిర్యాదు చెయ్యదు, నివేదిక ఇస్తుంది. అత్తగారి మాట అత్తగారి లెక్కలో ఎంత సబబో చూపిస్తూ పోతుంది. చదువుతూ చదువుతూ మనం కూడా సగం దూరం అత్తగారితో ఏకీభవించి, అప్పుడు ఉలిక్కిపడతాం.

పురాణం సుబ్రహ్మణ్యశర్మ ‘ఇల్లాలి ముచ్చట్లు’ దగ్గర నాకు కొంచెం పేచీ ఉంది. పురాణం సీత అనే పేరుతో, ఇల్లాలి గొంతుతో రాసిన శీర్షిక అది. వాక్యం చురుకు, కబురు జోరు, సందేహం లేదు. కానీ కొన్నిచోట్ల ఇల్లాలు తప్పుకుని, పత్రిక ఎడిటరైన పురాణంవారే మాట్లాడుతుంటారు; ఈ మాట సీత అంటుందా అనే అనుమానం వస్తుంది. పెట్టుకున్న గొంతు ఒక వాక్యం జారినా చదివేవాడి చెవి పట్టేస్తుంది. మిగతా తప్పులేవైనా క్షమిస్తాడు గానీ దీన్ని క్షమించడు.

ఇక ‘సాక్షి’. అందరూ గౌరవించి, కొందరే చదివే పుస్తకం. పానుగంటి లక్ష్మీనరసింహారావు 1913 ప్రాంతంలో ‘సువర్ణలేఖ’లోనూ, తర్వాత ‘ఆంధ్రపత్రిక’లోనూ ఈ వ్యాసాలు రాశారు. 1711లో లండన్‌లో అడిసన్, స్టీల్ నడిపిన ‘స్పెక్టేటర్’ పత్రిక వీటికి నమూనా అని అందరూ చెప్పేదే. కానీ ఆ పోలికను అక్కడితో వదిలేస్తే అసలు విషయం జారిపోతుంది. ఆ పత్రికలో వ్యాసాలు చెప్పే స్పెక్టేటర్ అనే కల్పిత మనిషి కాఫీ హోటళ్ళలో మూల కూర్చుని, పెదవి విప్పకుండా గమనించేవాడు. అతని ప్రత్యేకతే మౌనం. అతనికో మిత్రుల సంఘం ఉంటుంది. పానుగంటివారు ఆ సంఘాన్ని తెచ్చుకున్నారు: సాక్షి, జంఘాలశాస్త్రి, కాలాచార్యులు, వాణీదాసు, బొఱ్ఱయ్యసెట్టి, మొత్తం అయిదుగురు. మౌనాన్ని మాత్రం అక్కడే వదిలేశారు. జంఘాలశాస్త్రి లేచి నిలబడితే ఆగడు. ఉపన్యాసం మీద ఉపన్యాసం.

ఇది అనుకరణలో వచ్చిన లోపం కాదు. మన దగ్గర నవ్వు చెవి గుండా వస్తుంది. హరికథలో పిట్టకథ, అష్టావధానంలో అప్రస్తుత ప్రసంగం, వీటికి అలవాటుపడ్డ శ్రోతకు మూల కూర్చుని చూసేవాడు ఆనడు. అప్రస్తుత ప్రసంగం సంగతే చూడండి. అవధాని సమస్యాపూరణలో తల మునకలై ఉండగా ఒకాయన కూరల ధర గురించో, పెళ్ళి సంబంధం గురించో అడుగుతాడు. అవధాని దానికి చురుగ్గా బదులిచ్చి, వదిలిన పద్యపాదం దగ్గరికి తప్పకుండా తిరిగి రావాలి. వెళ్ళడంలో సరదా ఉంది, తిరిగి రావడంలో విద్య ఉంది. మంచి హాస్య వ్యాసానికి ఇంతకన్నా దగ్గరి చుట్టం నాకు తెలియదు. జంఘాలశాస్త్రి ఒక్కోసారి వెళ్ళిన చోటే ఉండిపోతాడన్నది నిజమే. తిట్టడం మొదలుపెడితే ఒకే అర్థానికి పది మాటలు, ఒకే తూగులో పది వాక్యాలు. కళ్ళతో చదివితే ఇది చాదస్తం. గట్టిగా చదివితే నాలుగో వాక్యం దగ్గర ఊపు అందుతుంది, ఏడో వాక్యం దగ్గర నవ్వొస్తుంది. మొదటి సంపుటం మొదటి పేజీ నుంచి వరసగా చదవబోయి సగంలో వదిలేసినవాళ్ళు జంఘాలశాస్త్రి ఉపన్యాసమున్న ఏదో ఒక పేజీ తెరిచి, దాన్ని పైకి చదివి చూడండి. మిగతా సంఘ సభ్యుల వ్యాసాలు తర్వాత చూసుకోవచ్చు.

వాక్యం దగ్గర ఇంకాస్త ఆగాలి, ఎందుకంటే తెలుగు హాస్యం చాలావరకు వాక్యం కట్టుబడిలోనే ఉంది. తెలుగులో క్రియ చివర వస్తుంది. అంటే వాక్యం పూర్తయ్యేదాకా ఆ మనిషి ఏం చేశాడో చెప్పకుండా ఆపవచ్చు. ఇందుకోసం ఒకటి కల్పిస్తాను: ‘గృహప్రవేశానికి వచ్చిన రామారావుగారు గోడలు తట్టి, కుళాయిలు తిప్పి, మెట్లు లెక్కపెట్టి, దిగులుగా కూర్చుని, చివరికి పూజగదిలో గడప వంకరగా ఉన్నట్టు కనిపెట్టి కుదుటపడ్డారు.’ ఇందులో నవ్వు రెండు మాటల మీద నిలబడింది: ‘దిగులుగా’, ‘కుదుటపడ్డారు’. దిగులెందుకో మొదట అర్థం కాదు. కుదుటపడ్డాక అర్థమవుతుంది, అప్పటికి వాక్యం అయిపోయింది. ఇప్పుడు దీన్ని పాడుచేద్దాం: ‘ఎదుటివాళ్ళ ఇంట్లో లోపాలు వెతికే అలవాటున్న రామారావుగారు గృహప్రవేశానికి వచ్చారు!’ సంగతి అదే. కానీ ముడి ముందే విప్పేశాం, పైగా ఆశ్చర్యార్థకం పెట్టి నవ్వమని సైగ చేశాం. వారపత్రికల హాస్యంలో నూటికి తొంభై ఇలాగే చస్తుంది. పాత్రను ప్రవేశపెట్టేటప్పుడే ‘మహా పిసినారి’ అని, ‘ఉత్త వెంగళప్ప’ అని రాసేస్తారు. ఇక ఆ పాత్ర ఏం చేసినా మనకు ముందే తెలిసిన సంగతే.

చిన్న మాటల బలం కూడా ఇలాంటిదే. ‘ఆయన నిజాయితీపరుడే’ అంటే మెచ్చుకోలు. ‘ఆయన పాపం నిజాయితీపరుడే’ అంటే ఆయన జీవితమంతా కళ్ళముందు కనిపిస్తుంది: ప్రమోషన్ రాలేదు, ఇల్లు కట్టలేదు, బంధువులు రారు. ‘పాపం’, ‘మాత్రం’, ‘లెండి’, ‘కాబోలు’, ‘అట’. ఈ అయిదూ తీసేస్తే తెలుగు హాస్యంలో సగం కూలిపోతుంది. భమిడిపాటి కామేశ్వరరావు ‘మాటవరస’, ‘తనలో’ వంటి వ్యాస సంపుటాలు ఈ చెవి పెంచుకోవడానికి బాగా ఉపయోగపడతాయి. మనవాళ్ళు మాట్లాడే తీరునే ఆయన సరుకు చేసుకున్నారు. అందుకే పాతబడ్డ విషయం మీద రాసినవి కూడా వాక్యం కోసం చదవచ్చు.

ఇంకో పాత పరికరం, పెద్ద భాషలో చిన్న విషయం చెప్పడం. ‘దోమతెరకు ఆగ్నేయ దిక్కున ఒకానొక రంధ్రము పొడసూపినది’ అని మొదలుపెడితే చివరిదాకా గ్రాంథికం బిగి సడలకూడదు. మధ్యలో ఒక్క ‘అబ్బా, ఏం దోమలండీ బాబూ’ పడిందా, మొత్తం పోతుంది. పైగా ఇది పేజీ దాటి సాగదు. మొదటి పేరాలో సరదా, రెండో పేరాలో అలవాటు, మూడో పేరాలో విసుగు.

యాస విషయంలో నాకు మొహమాటం లేదు. యాసను చూసి నవ్వించడం వేరు, యాసలో నవ్వించడం వేరు. సినిమాల్లో దశాబ్దాలపాటు మొదటిదే నడిచింది: తెలంగాణ మాటనో, రాయలసీమ మాటనో వంటవాడికో రౌడీకో ఇచ్చి, ఆ పలుకుబడినే జోకు చేశారు. చిత్తూరు మాటలో నామిని సుబ్రమణ్యం నాయుడు రాసిన ‘పచ్చనాకు సాక్షిగా’, నెల్లూరు మాటలో ఖదీర్‌బాబు రాసిన ‘దర్గామిట్ట కతలు’ చదివితే తేడా తెలుస్తుంది. అక్కడ చెప్పేవాడిదే ఆ మాట. నవ్వు మాట్లాడే తీరు మీద కాదు, మాట్లాడే విషయం మీద. తెలంగాణ మాటలో తెలిదేవర భానుమూర్తి రాసిన వ్యంగ్యం కూడా ఈ కోవలోదే. శిష్ట వ్యవహారిక భాషలోకి మార్చి చూడండి, అర్థం మిగులుతుంది, మనిషి వెళ్ళిపోతాడు.

పాతబడేవేవి, పడనివేవి? నాయకుల పేర్లూ సినిమా డైలాగులూ మీద ఆధారపడినవి పదేళ్ళలో ఫుట్‌నోట్లు అడుగుతాయి. ముళ్ళపూడి ఇది ముందే గ్రహించినట్టుంటుంది. రాజకీయాలకు ‘రాజకీయ బేతాళ పంచవింశతిక’ అని, సినిమాలకు ‘విక్రమార్కుడి మార్కు సింహాసనం’ అని, గిరీశాన్ని కన్యాశుల్కం నుంచి లాక్కొచ్చి ‘గిరీశం లెక్చర్లు’ అని పాత చట్రాలు వాడారు. లోపలి సరుకు పాతబడ్డా చట్రం అందరికీ తెలిసిందే కాబట్టి వ్యాసం నిలబడుతుంది. అప్పులు చేసే అప్పారావుకైతే చట్రం కూడా అక్కర్లేదు. ‘ఋణానందలహరి’లో అడిగే మొత్తాలు ఇప్పుడు టీకి రావు, అడిగే పద్ధతి మాత్రం ఈ రోజుకీ అంతే.

పేరడీకి ఇంకో బెడద ఉంది. దాని ఆయుష్షు మూలం చేతిలో ఉంటుంది. జలసూత్రం రుక్మిణీనాథశాస్త్రి శ్రీశ్రీ మీద రాసిన పేరడీలు ఇప్పటికీ పేలతాయంటే, 1950లో పుస్తకంగా వచ్చిన ‘మహాప్రస్థానం’ ఇంకా నోళ్ళలో ఉండబట్టే. శ్రీరమణ ‘పేరడీలు’ చదివేటప్పుడు ఆయన ఎవరిని అనుకరిస్తున్నారో ఆ రచయితవి ముందు నాలుగు పేజీలైనా చదివి రావాలి. లేకపోతే అది మనిషిని చూడకుండా బొమ్మలో పోలిక బాగుందనడం లాంటిది. ‘మిథునం’తో శ్రీరమణను తెలుసుకున్నవాళ్ళు ఆ పేరడీలు చూస్తే, అప్పదాసు, బుచ్చిలక్ష్మి మాటల్లోని ఆ కచ్చితమైన చెవి ఎక్కడ సాన పట్టుకుందో తెలుస్తుంది.

చదివే పద్ధతి గురించి ఒక మాట. ఇవి చాలావరకు వారానికొకటి చొప్పున పత్రికల్లో వచ్చాయి. రెండు ముక్కల మధ్య ఏడు రోజుల ఎడం రచనలో భాగమే. బైండు చేసి పుస్తకం వేసేటప్పుడు ఆ ఎడం పోయింది. వరసగా పది చదివితే పదకొండోదాంట్లో కీలు కనపడుతుంది: ఇప్పుడు అత్తగారు అడ్డం తిరుగుతారు, ఇప్పుడు అప్పారావు చెయ్యి చాపుతాడు. అప్పుడు రచయిత చెప్పిన మాటనే మళ్ళీ చెప్పాడని నిందిస్తాం. తప్పు రచయితది కాదు, పట్టు పట్టి తిన్నవాడిది. ఆవకాయ అన్నంలో కలుపుకోవాలి గానీ గిన్నెలో పోసుకోకూడదు. పూటకు రెండు, మహా అయితే మూడు. వేరే పుస్తకం చదువుతూ మధ్యలో ఇది.

కొత్తవాళ్ళెవరైనా అడిగితే నేను చెప్పే వరస ఇదీ: ముందు పార్వతీశం మొదటి భాగం, తర్వాత అత్తగారి కథలు, తర్వాత బుడుగు. అవి నచ్చితే ముళ్ళపూడి మిగతావి, నామిని, ఖదీర్‌బాబు. భమిడిపాటి, పానుగంటి ఆ తర్వాతే. అప్పటికి చెవి సిద్ధమై ఉంటుంది. విశ్వనాథ సత్యనారాయణకు హాస్యమేమిటనే అనుమానం ఉన్నవాళ్ళు మధ్యలో ఎక్కడైనా ‘విష్ణుశర్మ ఇంగ్లీషు చదువు’ పెట్టుకోవచ్చు. పంచతంత్రం చెప్పిన విష్ణుశర్మకు ఇంగ్లీషు స్పెల్లింగు నేర్పాల్సి వస్తే ఏ గతి పడుతుందో అందులో ఉంది, మాస్టారుకి పట్టిన గతితో సహా.

ఏ పుస్తకమైనా సరే, ముందుమాట ముందు చదవకండి. హాస్య రచనల పీఠికల్లో ఒక అలవాటు ఉంది: ఏ పేజీలో ఏ వాక్యం చూసి పీఠికాకర్త పడీ పడీ నవ్వారో ఆ వాక్యం యథాతథంగా ఎత్తి చూపిస్తారు. మనం ఆ పేజీకి చేరేసరికి అది తెలిసిన వాక్యమైపోతుంది.